లావు అక్షరానికి లోపలి ఖాళీ: బరంపురంలో ఒక అప్పడాల దుకాణం బోర్డు పని

బరంపురంలో అప్పడాలు, వడియాలు, ఊరగాయలు చేసి అమ్మే ఒక తెలుగు కుటుంబం దుకాణానికి కొత్త బోర్డు, ప్యాకెట్లకు కొత్త రూపు కావాలని నా దగ్గరికి వచ్చింది. సరుకు కొంత ఊళ్లోనే అమ్ముడవుతుంది. కొంత పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వెళుతుంది. మిగిలినది జాతీయ రహదారి 16 మీదుగా ఇచ్ఛాపురం, సోంపేట, పలాస దుకాణాలకు దిగుతుంది. దుకాణం ఉన్నది ఒడిశాలో కాబట్టి బోర్డు మీద ఒడియా తప్పనిసరి. ప్యాకెట్టు సరిహద్దు దాటుతుంది కాబట్టి దాని మీద తెలుగు తప్పదు. రెండు లిపులూ పక్కపక్కనే, సమాన గౌరవంతో కనిపించాలి. ఈ పనిలో చిక్కంతా ఇక్కడే ఉంది.

దుకాణం పెద్దావిడ కోరిక మాత్రం ఒక్క ముక్కలో తేలిపోయింది. "అక్షరం మా అప్పడంలా గుండ్రంగా, నిండుగా ఉండాలి బాబూ. సన్నటి అక్షరం చూస్తే చేతిలోనే విరిగేలా అనిపిస్తుంది" అన్నారు. పేజీలకు పేజీలు రాసిచ్చే ఖాతాదారులకంటే ఇలా చెప్పేవారితో పని సుఖం. ఏ జాతి అక్షరం కావాలో అప్పుడే తెలిసిపోయింది. గుండ్రని కొసలున్న లావైన శీర్షిక అక్షరం. దాన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు, మన లిపుల్లో అది ఎక్కడ మొండికేస్తుంది అన్నదే ఈ వివరం. దుకాణం పేరు వారి సొంతం కనుక ఇక్కడ రాయను. పేరు కింద ఉన్న "అప్పడాలు, వడియాలు" అన్న మాటలే ఉదాహరణకు చాలు.

ఈ అక్షరం స్వభావం

గుండ్రని లావు అక్షరాల్లో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో గీత కొస పూర్తి అర్ధవృత్తంగా ముగుస్తుంది. జర్మనీ కార్ల సంస్థ ఫోక్స్‌వాగన్ కోసం 1979లో వచ్చిన వాగ్ రౌండెడ్ ఈ రకం. రెండో రకంలో కొస కొసగానే ఉంటుంది, మూలలు మాత్రం అరిగినట్టు నునుపుగా ఉంటాయి. ఇంకా పాతది, షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్. 1922 నాటి ఆ అక్షరానికి పాదాలు, అంటే గీతల చివర చిన్న అడ్డు కొసలు కూడా ఉన్నాయి, అయినా అంచులన్నీ మెత్తబడి ఉంటాయి. నూరేళ్లు దాటినా తినుబండారాల అట్టపెట్టెల మీదా, బట్టల మీదా అది ఇంకా కనిపిస్తూనే ఉంది.

వీటన్నిటికీ ఒకే గుణం. కోపం కనిపించదు. మొన తేలిన కొస లేకపోవడంతో మాట ఆజ్ఞలా కాకుండా పిలుపులా ఉంటుంది. తిండి, పిల్లల వస్తువులు, ఐస్‌క్రీము బండి, బడి వార్షికోత్సవం, వీటికి బాగా నప్పుతుంది. అదే గుణం కొన్నిచోట్ల ఎబ్బెట్టు అవుతుంది. మా జిల్లాల్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సుల మీద కూడా ఇదే బొద్దు అక్షరం వేసేస్తుంటారు. పోయినవారి ఫొటో కింద పేరు బెలూన్లలా ఉబ్బి ఉంటుంది. ఆసుపత్రి హెచ్చరికకూ, కోర్టు నోటీసుకూ, మందుల చీటీకీ ఇది పనికిరాదు.

రోమన్ లిపికి గుండ్రదనం కొత్త వేషం. నిలువు గీతలు, మూలలు ఉన్న అక్షరాలను నునుపు చేస్తే మనిషే మారినట్టు ఉంటుంది. తెలుగు, ఒడియా సంగతి అలా కాదు. తాటాకు మీద గంటంతో అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది కనుక ఈ అక్షరాలు వంపులు తిరిగాయని చెబుతారు. కారణం ఏదైనా, గుండ్రదనం వీటికి పుట్టుకతోనే ఉంది. కాబట్టి ఈ రకం ఫాంటులో మన లిపికి కొత్తగా వచ్చేవి రెండే: మొద్దు కొసలు, లావు. కొసలతో పేచీ లేదు. పేచీ అంతా లావుతోనే. గీత లావెక్కిన కొద్దీ అక్షరం లోపలి ఖాళీ తగ్గుతుంది. మన లిపిలో చాలా అక్షరాలను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసేది ఆ ఖాళీయే. అందుకే ఇలాంటి ఫాంటు ఎదురైతే నేను గీతను చూడను. అన్నిటికంటే చిన్న రంధ్రం ఏ అక్షరంలో ఉందో వెతికి, దాన్ని చూస్తాను.

ఏ ఫాంటు

మనసు ముందుగా గిడుగు ఫాంటు వైపు పోయింది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ వాడుక తెలుగు కోసం పోరాడి, సవర భాషకు నిఘంటువు కట్టిన గిడుగు వేంకట రామమూర్తి పేరు పెట్టుకున్న ఫాంటు అది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఇక్కడి తెలుగు బోర్డుకు ఆ పేరున్న అక్షరం వాడాలని ఎవరికి ఉండదు? కానీ అందులో ఒడియా లేదు. శీర్షికల కోసమే చేసిన రామభద్రలోనూ లేదు. తెలుగు ఒక తీరులో, ఒడియా మరో తీరులో ఉంటే బోర్డు రెండు దుకాణాలదిలా కనిపిస్తుంది.

చివరికి తీసుకున్నది బాలూ. ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ చేసిన ఫాంటు కుటుంబం ఇది. తొమ్మిది భారతీయ లిపుల్లో, వాటికి తోడు రోమన్‌లో వస్తుంది. తెలుగు వెర్షన్ పేరు బాలూ తమ్ముడు, ఒడియాది బాలూ భాయినా. మొదట ఒకే మందంలో వచ్చింది. తరువాతి బాలూ 2లో 400 నుంచి 800 వరకు అయిదు మందాలున్నాయి, మధ్యలో ఏ అంకె దగ్గరైనా ఆపుకోగల వేరియబుల్ రూపం కూడా ఉంది. స్వేచ్ఛా లైసెన్సు కనుక వ్యాపార బోర్డుకు డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, ఆకారాలను మార్చుకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. పై రెండు రకాల్లో ఇది రెండోదానికి దగ్గర. మూలలు మెత్తనివే, గీతలో మాత్రం పట్టు ఉంటుంది. పూర్తి అర్ధవృత్తపు కొసలున్న ఫాంటు తెలుగుకు వాడితే తలకట్టు చుక్కలా మిగులుతుంది, అందుకని ఇదే మేలనిపించింది.

తెలుగు ఎక్కడ ఉబ్బుతుంది, ఒడియా ఎక్కడ

"అప్పడాలు, వడియాలు" అన్న రెండు మాటల్లోనే ప, వ రెండూ ఉన్నాయి. ప అక్షరంలో తలకట్టు ఒంటికి అంటదు. ఘ, ష, స, హ కూడా ఇలాంటివే. వ అక్షరంలో తలకట్టు అంటుకుని ఉంటుంది, ఎడమ పక్కన చిన్న మెలిక తిరుగుతుంది. ఇప్పుడు గీతను లావు చేయండి. ప తలకట్టు కింది సందు మూసుకుపోతుంది. వ మెలికలోని రంధ్రం పూడిపోతుంది. రెండూ ఒకదాని వైపు ఒకటి నడిచి వస్తాయి. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. బస్సులోంచి చూసేవారికి తెలియదు. వారు మాటను ఊహించి చదువుతారు. అప్పడాల విషయంలో ఊహ గట్టెక్కిస్తుంది, ఊరికి కొత్తవారు చదివే ఇంటిపేరు విషయంలో గట్టెక్కించదు.

వత్తు మరో తంటా. ప్ప లోని వత్తు కుడిపక్కగా కిందికి దిగుతుంది. తల్లి అక్షరాన్నే చిన్నది చేసి వత్తుగా పెడితే గీత సన్నబడి, పక్కనున్న లావు అక్షరం ముందు బక్కచిక్కినట్టు ఉంటుంది. అంతే లావుగా గీస్తే ముద్ద అవుతుంది. ఫాంటు చేసేవారు వత్తును విడిగా గీసి, మందం రెంటికీ నడుమ పెట్టాల్సిందే. బాలూలో ఆ శ్రద్ధ కనిపిస్తుంది. గుడికి, గుడిదీర్ఘానికి మధ్య తేడా కూడా ఒక చిన్న మెలికే. డి అన్నది డీ కాకుండా ఉండాలంటే ఆ మెలిక చుట్టూ గాలి ఆడాలి.

ఒడియా ఉబ్బే చోటు వేరు. ఆ లిపిలో చాలా అక్షరాలకు పైన గొడుగులాంటి వంపు ఉంటుంది. అది అక్షరం ఎత్తులో పెద్ద భాగాన్ని తినేస్తుంది. ఏ అక్షరమో చెప్పే గుర్తు మాత్రం కింద, కాస్తంత చోటులో ఇరుక్కుని ఉంటుంది. లావు పెంచితే పైన అందరికీ ఒకేలా ఉన్న గొడుగు మరింత నల్లబడి, కింద ఒక్కొక్కరికీ వేరుగా ఉన్న గుర్తు పూడుకుపోతుంది. అప్పడాలను ఒడియాలో పాంపడ అంటారు. ఆ మాటలో మ కింద చిన్న ప చేరే సంయుక్తాక్షరం ఉంది. పైన మ, దాని కింద ప. రెండంతస్తుల ఇంట్లో కిటికీలన్నీ కింది అంతస్తులోనే ఉంటే ఎలా?

ఈ తేడా వల్ల ఒక చిత్రం జరుగుతుంది. రెండు లిపులకూ 700 అనే మందమే పెట్టినా, బోర్డు మీద ఒడియా వరుస పైఅంచు నల్లగానూ, తెలుగు వరుస నడుమ గళ్లుగళ్లుగానూ కనిపించింది. ఇది ఫాంటు తప్పు కాదు. ఫాంటు చేసేవారు పేజీ నిండా రాసిన వాక్యాల మీద నలుపును సరితూస్తారు. అన్ని అక్షరాలూ కలిసి సగటు వస్తుంది. బోర్డు మీద ఉండేవి నాలుగైదు మాటలు. ఏ అక్షరాలు పడ్డాయో వాటి నలుపే నలుపు, అక్కడ సగటు అనేది లేదు. కనుక అంకెను నమ్మకుండా మాటలను గోడ మీద అంటించి, వీధి అవతల నిలబడి, కళ్లు సగం మూసి చూశాను. తెలుగు 700 దగ్గర నిలిస్తే ఒడియా 650 దగ్గర దానికి సమంగా అనిపించింది. ఒడియా వరుసను కొంచెం ఎత్తు పెంచాను కూడా. బోర్డు మీద మొదటి వరుస దానిదే కనుక ఆ పెంపు సహజంగానే కుదిరింది.

ఎత్తు గురించి ఒక మాట. దూరం పది అడుగులకు అక్షరం ఎత్తు ఒక అంగుళం అన్న లెక్క బోర్డుల పనిలో అందరూ చెబుతారు. అది రోమన్ పెద్ద అక్షరాల లెక్క. తెలుగులో గుడి పైకి, వత్తు కిందికి పోతాయి. ఈ మొత్తాన్ని ఎత్తుగా కొలిచి ఇస్తే అసలు అక్షరం అందులో సగానికి కాస్త ఎక్కువ తేలుతుంది. తయారీదారుకు ఎత్తు చెప్పేటప్పుడు తలకట్టు నుంచి అక్షరం అడుగు వరకు మాత్రమే కొలిచి చెప్పాలి. డ, ర లాంటి అక్షరం చూపించి, ఇది పన్నెండు అంగుళాలు అని రాసిస్తే గొడవ ఉండదు.

రాత్రి వెలిగే అక్షరం

ఫ్లెక్సు వద్దని కుటుంబమే చెప్పింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి బరంపురంలో ఎన్ని బోర్డులు ఎగిరిపోయాయో చూసినవారు పెద్ద రేకును గోడకు కట్టడానికి వెనకాడతారు. అందుకని గోడకు బిగించిన ముదురు ఎరుపు పలక మీద విడివిడి యాక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్‌ఈడీ దీపాలు అనుకున్నాం. అక్షరాల రంగు మీగడ తెలుపు.

వెలుగు అక్షరాన్ని లావు చేస్తుంది. చీకటి మీద వెలిగే తెల్ల గీత కంటికి అసలు మందం కంటే వెడల్పుగా కనిపిస్తుంది, దాని కాంతి పక్క ఖాళీలోకి చిందుతుంది. పగలు 700 దగ్గర ముచ్చటగా ఉన్న వ, రాత్రి రంధ్రం లేని ముద్ద. దీన్ని ముందే చూడటానికి ఒక చవక ఉపాయం ఉంది. కంప్యూటర్‌లో నల్ల నేల మీద తెల్ల అక్షరం పెట్టి, దాన్ని కొద్దికొద్దిగా మసకబరుస్తూ పోవాలి. ఏ అక్షరం ముందు చెడిపోతుందో అదే మీ హద్దు. మాకు తెలుగులో వ, ఒడియాలో ఆ సంయుక్తాక్షరం ముందు చెడ్డాయి.

పగటికి ఒక బోర్డు, రాత్రికి ఒక బోర్డు పెట్టలేం. నేను రాత్రినే ఎంచుకున్నాను. వీధిలో జనం ఆగి కొనేది సాయంత్రం తరువాతే. తెలుగును 620కి, ఒడియాను 580కి దించాను. పగలు అక్షరం కాస్త ఒళ్లు తగ్గినట్టుంటుంది. పెద్దావిడ అది గమనించి అడిగారు కూడా. దీపాలు వేసి చూపిస్తే ఒప్పుకున్నారు, పగలు చూసినప్పుడల్లా మళ్లీ అడుగుతూనే ఉన్నారు.

తయారీ దగ్గర అసలు యుద్ధం ప తలకట్టు మీద జరిగింది. అంటని తలకట్టు అంటే విడి ముక్క. దానికి వేరే పెట్టె, వేరే దీపం, గోడలో వేరే వైరు రంధ్రం. "కలిపేస్తే ఒక ముక్క తగ్గుతుంది కదా సార్" అన్నారు తయారీదారు. ఆయన లెక్క ఆయనది. కలిపితే అది వ వైపు జరిగిపోతుందని కాగితం మీద గీసి చూపించాను. ఆయన ఇంటి మాట ఒడియా, తెలుగు మాట్లాడతారు గానీ చదవరు. ఒడియాలో గొడుగు కింది గుర్తును చెరిపేస్తే ఎలా ఉంటుందో గీశాక వెంటనే అర్థమైంది. సందును ఫాంటులో ఉన్నదానికంటే వెడల్పు చేసి, తలకట్టును ఒక పాలు సన్నం చేసి ఇచ్చాను.

రెండోది వ మెలికలోని రంధ్రం. అక్షరం పెట్టెకు పక్క గోడ వంచి కట్టాలంటే లోపల చేయి ఆడాలి. అంగుళం కంటే చిన్న రంధ్రానికి గోడ కట్టడం కుదరదు. అలాంటి చోట రంధ్రం కోయకుండా, పైముఖం మీద నేల రంగు వినైల్ ముక్క అంటిస్తే సరిపోతుంది. వెలుతురు అక్కడ ఆగిపోతుంది, దూరానికి రంధ్రంలాగే కనిపిస్తుంది. ఈ పనికి గుండ్రని ఫాంటు కలిసివస్తుంది. వినైల్ స్టిక్కరు ఎప్పుడూ మొన దగ్గరే లేస్తుంది, నునుపు మూలకు లేవదు. కోత యంత్రం కూడా అంతే. మూడు మిల్లీమీటర్ల బిట్టు లోపలి మూలను ఎలాగూ ఒకటిన్నర మిల్లీమీటర్ల వంపుగానే కోస్తుంది. మొనదేలిన ఫాంటు ఇస్తే యంత్రం దాన్ని చెడగొడుతుంది, దీన్ని చెడగొట్టడానికి ఏమీ ఉండదు.

ఫైలు ఇచ్చేటప్పుడు జాగ్రత్త. ఇక్కడి డీటీపీ కేంద్రాల్లో తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి పాత ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. యూనికోడ్ పాఠాన్ని పాత కోరెల్‌డ్రాలో అతికిస్తే వత్తులు విడిపోయి వరుసగా నిలబడతాయి. ఇంక్‌స్కేప్‌లో మాటను సరిగ్గా కూర్చి, గీతలుగా మార్చి, ఆ బొమ్మనే ఇస్తే ఎవరి కంప్యూటర్‌లోనూ చెదరదు. ఫాంటు ఫైలు అడిగినా ఇవ్వకండి. ఇస్తే వారు మళ్లీ టైపు చేస్తారు, మీరు మళ్లీ మొదటికి వస్తారు.

ప్యాకెట్టు

ప్యాకెట్టు మీద 800 మందం వాడాను, ఒక్క మాటకు మాత్రమే. ముందువైపు సరుకు పేరు. అక్కడ చేతి దూరంలో చూస్తారు కనుక పెద్దావిడ అడిగిన నిండుదనమంతా దొరికింది. ప్లాస్టిక్ కవరు మీద ఫ్లెక్సో ముద్రణలో మెత్తని ప్లేటు ఒత్తిడికి సిరా అంచు దాటి పరచుకుంటుంది. రంగు నేల మీద తెల్ల అక్షరం వదిలితే చుట్టూ సిరా లోపలికి వచ్చి గీత సన్నబడుతుంది, తెల్ల నేల మీద రంగు అక్షరమైతే రంధ్రాలు పూడతాయి. మొదటిది లావు అక్షరానికి మంచిదే. అందుకే ముదురు నేల మీద తెలుపు పెట్టాం.

వెనకవైపు బాలూకు చోటు లేదు. పదార్థాల జాబితా, తయారీ తేదీ, చిరునామా, పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క. ఆహార లేబుళ్ల నియమాల ప్రకారం ఈ వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరిలో హిందీ గానీ ఉండాలి. తెలుగు, ఒడియా అదనం. మినప్పిండి, ఇంగువ అన్న మాటలను అంత చిన్న సైజులో లావు అక్షరంలో వేస్తే చీమల బారులా ఉంటాయి. అక్కడికి అదే సంస్థవారి అనేక్ తెలుగు, అనేక్ ఒడియా తీసుకున్నాను. వెడల్పు కూడా తగ్గించుకోగల ఫాంటు కనుక మూడు లిపులూ ఆ కాస్త చోటులో సర్దుకున్నాయి.

అంకెల దగ్గర పెద్దగా వాదించాల్సి వచ్చింది. కొట్లో ధరల పలకలు కూడా ఇదే అక్షరంలో కావాలన్నారు ఆవిడ కొడుకు. గుండ్రని లావు అంకెల్లో 3, 6, 8, 9 నాలుగూ ఒకే ఇంటి పిల్లలు. 6 మీది తెరిచిన నోరు మూసుకుంటే 8 అవుతుంది. కొన్నవారు అరవై అనుకుని ఎనభై ఇవ్వాల్సివస్తే తగువు ఫాంటుతో పెట్టుకోరు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారితో పెట్టుకుంటారు. ధరలు అనేక్‌లోనే వేశాం.

ఇప్పుడు పర్లాకిమిడిలో చిన్న అమ్మకపు కొట్టు తీస్తున్నారు. అక్కడ గోడ సన్నం, బోర్డు నిలువుగా ఉండాలట. ఒక్కొక్క అక్షరం కింద ఒక్కొక్కటి పేర్చమంటున్నారు. ప్ప లోని వత్తు కింది అక్షరం నెత్తిన కూర్చుంటుంది, ఒడియా సంయుక్తాక్షరమూ అంతే. మాటను పేర్చకుండా మొత్తం వరుసను పక్కకు తిప్పి, కింది నుంచి పైకి చదివేలా పెడదామన్నాను. పెద్దావిడ ఇంకా తల ఊపలేదు. నమూనా కాగితం ఆ గోడకే అంటించి వచ్చాను.